మార్కాపురం పలక, పొదిలి ఎద్దు, గిద్దలూరు సాలీడు

మార్కాపురం అనగానే మన అమ్మానాన్నల తరానికి పలక గుర్తొస్తుంది. మన తరానికి చాలామందికి ఏదీ గుర్తు రాదు, ఎక్కడో గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు దారిలో వచ్చే స్టేషన్ అంటారు. ఒకప్పుడు దేశంలో ఏ మూల పిల్లాడు ఓనమాలు దిద్దినా ఆ పలక మా వైపు గనుల్లోంచి వచ్చుండే అవకాశం బాగా ఉండేది. నేలలోంచి రాయి తియ్యడం, పొరలు పొరలుగా చీల్చడం, సైజుకి కోసి నునుపు చెయ్యడం, చెక్క ఫ్రేము బిగించడం, లారీకెత్తడం. ఇదంతా నడిచిన ఊళ్లలోనే నేనూ బడికి పోయాను. నేను చదివిన పదేళ్లలో ఒక్క మాస్టారు కూడా ఈ రాయి ఎందుకు పొరలుగా చీలుతుందో చెప్పలేదు. పాపం ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు.

చెప్పడానికి కథ లేక కాదు. 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే రాశాడు. అందులో ఈ రాతికి పెట్టిన పేరు 'కంభం పలకరాళ్లు'. ఇప్పటికీ ప్రపంచంలో ఏ భూగర్భ శాస్త్రవేత్త అయినా కడప రాళ్ల గురించి రాస్తే 'కంభం ఫార్మేషన్' అని రాయాల్సిందే. కోటానుకోట్ల సంవత్సరాల కిందట నీటి అడుగున పేరుకున్న సన్నటి బురద, పైన బరువు పడి, పక్కలనుంచి ఒత్తిడి పడి గట్టిపడి ఇలా తయారయ్యింది. అంటే మన నాన్నలు సముద్రం అడుగు బురద మీద 'అ ఆ'లు రాశారన్నమాట. ఈ ఒక్క వాక్యం ఆరో తరగతిలో ఎవరైనా చెప్పుంటే నేను సాఫ్టువేరులోకి వచ్చేవాణ్ణో కాదో :)

సరే, విషయానికొద్దాం. పిల్లలకి పర్యావరణం గురించి పాఠంగా కాకుండా చేతులతో నేర్పాలి అనే మాట ఇప్పుడు ప్రతి విద్యా విధానంలోనూ ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం, అటు పొదిలి, కనిగిరి, దర్శి... ఈ పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఆ పని ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు అని కొన్ని నెలలుగా సెలవు రోజుల్లో చదువుతున్నాను. నాకు తేలిందేంటంటే, జరిగింది. కానీ ఎక్కువగా బడి బయట జరిగింది.

మొదట కంభం చెరువు. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల మధ్య ఇరుకు సందులోంచి పోయే చోటు చూసి, అక్కడ కట్ట వేశారు. విజయనగర కాలం నాటిది. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. బ్రిటిష్ కాలపు గెజెటీరు లెక్క ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, దాని కింద సాగు పదివేల ఎకరాల పైమాటే. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. మా వైపు బళ్లన్నీ ఈ చెరువుకి పిక్నిక్ తీసుకెళ్తాయి. పులిహోర తింటారు, ఫోటో దిగుతారు, వచ్చేస్తారు. కట్ట ఇక్కడే ఎందుకు, నాలుగు మైళ్లు కిందకి ఎందుకు కాదు అని పిల్లలని అడిగి, పక్క గుట్ట ఎక్కించి చూపిస్తే పావుగంటలో వాళ్లే చెప్పేస్తారు. అంత చిన్న కట్టతో అంత పెద్ద చెరువు నిండిందంటే దాని వెనక ఎంత పరీవాహక ప్రాంతం ఉండాలో కూడా వాళ్లే అడుగుతారు. అయిదు వందల ఏళ్ల కిందట ఎవరో ఆ నేలని అంత శ్రద్ధగా చదివారు. ఆ చదువు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక అసలు కథకి వస్తాను. 1937.

అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు గుంటూరు జిల్లాలో, మార్కాపురం గిద్దలూరు కర్నూలు జిల్లాలో, పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. (1970లో ఈ మూడు జిల్లాల అంచులు కత్తిరించి ఒంగోలు జిల్లా అని కుట్టారు, 1972లో ప్రకాశం అయ్యింది. మూడు జిల్లాలకీ చివర ఉన్న మెట్ట ప్రాంతాలే ఎక్కువగా ఇటొచ్చాయి. వెనకబాటు గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.) 1930ల్లో ఆ నెల్లూరు మెట్ట రైతులు ఒక వింత గమనించారు. దుక్కి ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. కొత్తగా కొనుక్కొచ్చిన ఎద్దు కూడా కొన్నేళ్లకి అదే తీరు. మనుషుల్లోనూ అదే కనబడింది. నడుం వంగదు, మెడ తిరగదు, పిల్లల పళ్లు గారపట్టినట్టు గోధుమ రంగు చారలు.

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్ అనే డాక్టరు, మరికొందరు వైద్యులు కలిసి ఇది నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు అని తేల్చి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి శాస్త్రీయ నివేదిక అదే. మనం ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ అంటాం కదా, వైద్య పుస్తకాల్లోకి ముందు ఎక్కింది మా మెట్టే. ఇదేం గర్వపడాల్సిన విషయం కాదనుకోండి. అన్నట్టు ఈ షార్ట్ అనే ఆయనే తర్వాత ఇంగ్లండు వెళ్లి, మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టాడు.

ఇదే కాలంలో అమెరికాలో జరిగింది పక్కన పెట్టి చూడండి. కొలరాడోలో ఫ్రెడరిక్ మెక్కే అనే పళ్ల డాక్టరు 1901లో ప్రాక్టీసు పెట్టి, అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమ మచ్చలు చూసి, కారణం తెలీక ముప్పై ఏళ్లు దాని వెంటపడ్డాడు. 1923లో ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే చిన్న ఊరికి వెళ్తే అక్కడి తల్లిదండ్రులే చెప్పారు, ఫలానా వేడి ఊట నుంచి పైపు వేశాకే మా పిల్లల పళ్లు ఇలా అయ్యాయి అని. నీళ్లు పరీక్ష చేస్తే ఏమీ దొరకలేదు. అయినా ఆ పైపు ఆపి వేరే ఊట వాడమన్నాడు. కొన్నేళ్లకి కొత్తగా పళ్లొచ్చిన పిల్లలకి మచ్చల్లేవు. ఆ 'ఏదో' ఫ్లోరైడని 1931లో ఒక అల్యూమినియం కంపెనీ ప్రయోగశాలలో చర్చిల్ అనే రసాయనవేత్త తేల్చాడు. అంటే కారణం పేరు తెలియడానికి ఎనిమిదేళ్ల ముందే మందు దొరికింది. పరికరాల కంటే ముందు, పిల్లల పళ్లు చూసిన తల్లులకి తెలిసింది.

మా రైతులు ఎద్దుని చూసి పట్టుకున్నారు. ఓక్లీ తల్లులు పళ్లు చూసి పట్టుకున్నారు. తేడా ఎక్కడొచ్చిందంటే ఓక్లీకి పక్కనే ఇంకో ఊట ఉంది. మా వైపు ఇంకో బావి తవ్వినా అదే నీరు. పైగా బావులు ఎండి బోర్లు వచ్చాక, లోతుకి పోయిన కొద్దీ నీరు రాతితో ఇంకా ఎక్కువ కాలం కలిసి ఉంటుంది. సున్నం పాలు తక్కువై సోడా పాలు ఎక్కువైన నీళ్లలో ఫ్లోరైడు ఇంకా తేలిగ్గా కరుగుతుంది.

ఇక్కడో చిన్న మాట, హైదరాబాదు, బెంగళూరు అపార్టుమెంట్లలో ఉండే మనకోసం. చేతిలో పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి 'నీళ్లు బాగున్నాయి' అనేవాళ్లని నేను చాలామందిని చూశాను. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత అని ఒక అంచనా. అందులో ఫ్లోరైడు ఎంతో అది చెప్పలేదు. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో ఫ్లోరైడు 3 మిల్లీగ్రాములు ఉండొచ్చు. మన దేశపు ప్రమాణం లీటరుకి 1, వేరే దారి లేకపోతే 1.5 దాకా. కాచితే పోతుందా అంటే పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడు చిక్కబడుతుంది. బోరు నీళ్లు తాగే ఊరు మీదైతే మీ అమ్మానాన్నలకి ఈ ముక్క చెప్పండి.

మళ్లీ 1937కే వద్దాం, ఎందుకంటే ఆ ఏడాదే ఇంకోటి జరిగింది. అక్టోబరులో వార్ధాలో గాంధీ పిలిచిన విద్యా మహాసభ. దాని తర్వాత జాకీర్ హుస్సేన్ కమిటీ రాసిన నివేదికలో చదువంతా మూడింటి చుట్టూ అల్లాలన్నారు. ఒకటి చేతిపని, రెండోది చుట్టూ ఉన్న ప్రకృతి, మూడోది చుట్టూ ఉన్న సమాజం. మన ఊరి నేల, మన ఊరి నీరు చూసి లెక్కలు, సైన్సు నేర్చుకోవడమన్నమాట. ఆ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది ఒకటే. 1938లో పొదిలి బడిలో ఆ పద్ధతి పెట్టుంటే మొదటి పాఠం ఏమయ్యేది? ఊళ్లో ఏ బావి నీళ్లు తాగే పిల్లల పళ్లకి మచ్చలున్నాయి, ఏ బావి వాళ్లకి లేవు అని పలక మీద రెండు వరసలు రాసుకోవడం. దానికి మందూ మాకూ అక్కర్లేదు, రసాయనమూ అక్కర్లేదు.

ఎవరూ పెట్టలేదు. బేసిక్ స్కూళ్లంటే జనానికి తకిలీ, రాట్నం పీరియడుగానే గుర్తుండిపోయింది. ఎందుకు ఓడిపోయిందో చెప్పేవాళ్లు రకరకాల కారణాలు చెప్తారు. నా మటుకు నాకు అనిపించేది, తల్లిదండ్రులకి ఆ బడి నచ్చలేదు. పిల్లాడు బడికి పోయేది పొలం పనిలోంచి బయటపడటానికి గదా, బడిలో కూడా మట్టి పనేంటి? ఆ మాటలో న్యాయం లేదని నేనను. మెట్ట ప్రాంతంలో కరువు చూసినవాడు కొడుకు ఉద్యోగం కోరుకుంటాడు. నేను ఇవాళ ఏసీలో కూచుని ఇది టైపు చేస్తున్నది కూడా ఆ కోరిక వల్లే.

తర్వాతి యాభై ఏళ్లు త్వరగా దాటేద్దాం. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ పల్లెటూరి బళ్లలో 1972లో ప్రయోగాలతో సైన్సు నేర్పే కార్యక్రమం మొదలై 2002 దాకా నడిచింది. మన రాష్ట్రంలో అంత పెద్ద ఎత్తున ఏమీ రాలేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ లాంటి చోట్ల బాగా చేశారు గానీ, అది వేరే లోకం. 1991లో ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువుల్లో తప్పనిసరి చెయ్యమంది. 2003లో, 2004లో మళ్లీ గట్టిగా చెప్పాల్సొచ్చింది. దాని ఫలితమే బీటెక్‌లో మనందరం రాసిన ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపరు. ఓజోన్ పొర, గ్రీన్‌హౌస్ ప్రభావం, నిర్వచనం రెండు మార్కులు, ఎస్సే పది మార్కులు. నేను ఆ పరీక్షకి ముందురోజు రాత్రి చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను. పరీక్ష రాసిన ఊళ్లో మంచినీళ్లు ఎక్కణ్ణుంచొస్తున్నాయో నాకు గానీ మా క్లాసులో ఇంకెవరికి గానీ తెలీదు.

బళ్లకి కేంద్ర ప్రభుత్వం 2001-02లో నేషనల్ గ్రీన్ కోర్ మొదలుపెట్టింది. ప్రతి జిల్లాలో కొన్ని బళ్లలో ఎకో క్లబ్బు. మొదట్లో క్లబ్బుకి ఏడాదికి ఇచ్చింది వెయ్యి రూపాయలు. తర్వాత రెండున్నర వేలు, ఆ తర్వాత అయిదు వేలు అయ్యిందిలెండి. వెయ్యి రూపాయలతో ఏం చేస్తారు? నేను చదివిన బడి పేరు చెప్పను గానీ అక్కడ ఏటా జూలైలో మొక్క నాటేవాళ్లం. ఏటా అదే గుంతలో. మార్చికల్లా మొక్క ఎండిపోయేది, గుంత మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది. నీళ్లు పొయ్యమని మాకు డ్యూటీ వేశారు, పొయ్యడానికి బోరులో నీళ్లు లేవు. ఎందుకు లేవు అన్నదే అసలు పర్యావరణ పాఠం. అది ఆ క్లబ్బు పరిధిలోకి రాలేదు. ర్యాలీ మాత్రం ప్రతి జూన్ 5కీ నడిచింది.

బడి పిల్లలకి సంబంధించి నాకు నచ్చిన పని ఒకటుంది. 1993 నుంచి దేశమంతా నడుస్తున్న బాలల సైన్స్ కాంగ్రెస్. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు జట్టుగా తమ ఊళ్లో ఒక సమస్య ఎంచుకుని, కొలిచి, లెక్కలు కట్టి, జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో చెప్పాలి. మన దగ్గర జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల్లో పనిచేసే ప్రభుత్వ టీచర్లు సొంత డబ్బులతో, ఆదివారాలు పోగొట్టుకుని దీన్ని మోశారు. ఇందులో జవాబు పుస్తకం వెనక పేజీలో ఉండదు. అదే దాని గొప్ప. లోపమూ చెప్పాలి కదా, బడికి ఒకటి రెండు జట్లే వెళ్తాయి, బహుమతి వచ్చినా రాకపోయినా ఛార్టులు బీరువాలోకి పోతాయి. వచ్చే ఏడాది ఇంకో అంశం. ఒకే బావిని పదేళ్లు వరసగా కొలిచే పని ఆ పద్ధతిలో కుదరదు.

ఒకే బావిని వరసగా కొలిచే పని చేసింది ఎవరంటే, రైతులు. నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే.

1995 నుంచి 2003 దాకా నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ఏపీవెల్ అనే పథకం మెట్ట జిల్లాల్లో చిన్న రైతులకి ఉమ్మడి బోర్లు వేయించింది. బోర్లు వేశాక తెలిసింది, నీళ్లు తోడటం నేర్పాం గానీ లెక్క నేర్పలేదని. దాంతో 2003లో ఆంధ్రప్రదేశ్ రైతుల నిర్వహణలో భూగర్భ జల వ్యవస్థలు అనే పొడుగాటి పేరుతో ఇంకో పథకం మొదలయ్యింది. ఏడు జిల్లాలు: అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వెనకుండి నడిపించింది, ఊళ్లలో పని స్వచ్ఛంద సంస్థలు చేశాయి. ఆరు వందల పైగా ఊళ్లు. ఆ దశాబ్దం చివరి దాకా నడిచింది.

దాని పద్ధతి చూడండి. సబ్సిడీ లేదు. ఫలానా పంట వెయ్యొద్దని ఆర్డరు లేదు. బోరు వేస్తే జరిమానా లేదు. రైతులకి వాన కొలిచే పరికరం, బోరులో నీటిమట్టం కొలిచే టేపు (నీళ్లు తగలగానే కూత పెడుతుంది), ఒక డ్రమ్ము, ఒక వాచీ ఇచ్చి కొలవడం నేర్పారు. పదిహేను రోజులకోసారి మట్టం కొలవాలి. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి బోరు ధార కట్టాలి. ఆ అంకెలు ఊళ్లో అందరికీ కనబడేట్టు బోర్డు మీద రాయాలి. రబీ ముందు ఒకరోజు అందరూ కూచుని, ఈ వానకి ఎంత ఇంకింది, మనం వేద్దామనుకుంటున్న పంటలకి ఎంత కావాలి అని బడ్జెట్టు వేసేవాళ్లు. లోటు వస్తే ఎవరు ఏ పంట మానుకోవాలో వాళ్ల ఇష్టం. వీటికి రైతు నీటి బడులు అని పేరు. ఇండోనేషియాలో 1989లో వరి పురుగుల మీద మొదలైన రైతు క్షేత్ర పాఠశాలల వరస ఇది. చదువు రానివాళ్లు, ఆడవాళ్లు కూడా కొలతలు తీశారు.

మన భాషలో చెప్పాలంటే మానిటరింగు, లాగులు, డాష్‌బోర్డు. మనం ఒక సర్వరు మెమరీ తొంభై శాతం దాటితే అర్ధరాత్రి లేచి కూచుంటాం. ఊరి బోర్లన్నీ అడుగంటుతున్నా చూసే అంకె ఒక్కటీ లేకుండా వందల ఊళ్లు దశాబ్దాలు బతికాయి.

లెక్క ఎంత సులువో ఒకటి చేసి చూపిస్తాను. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండిందనుకోండి. సెకనుకి రెండున్నర లీటర్లు, గంటకి 9,000 లీటర్లు. కరెంటు రోజుకి ఏడు గంటలంటే 63,000. రబీలో 120 రోజులు ఆడితే 75 లక్షల 60 వేల లీటర్లు. ఇప్పుడు వాన వైపు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. ఏడాదికి 650 మిల్లీమీటర్లు పడి, గట్టి రాతి నేలల్లో పదో వంతు ఇంకుతుందనుకుంటే 65 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 2 లక్షల 63 వేల లీటర్లు. ఆ 75 లక్షల్ని దీంతో భాగించండి. దాదాపు 29. మడిలోంచి తిరిగి ఇంకేది పక్కన పెడితే, ఆ ఒక్క బోరు ఒక్క రబీలో 29 ఎకరాల మీద పడిన వాన తాగేసింది. ఆ రైతుకున్నది మూడెకరాలు. మిగతా ఇరవై ఆరు ఎకరాల నీళ్లు ఎవరివి? ఇది ఎనిమిదో తరగతి లెక్క. ఇందులో ఉన్నది గుణకారం, భాగహారం మాత్రమే. కానీ ఆ చివరి ప్రశ్నకి ఊరు ఊరంతా సమాధానం చెప్పాలి.

ఫలితం వచ్చిందా? 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక బాగా మెచ్చుకుంది. 42 శాతం వాగు పరీవాహకాల్లో మూడేళ్లూ వరసగా రబీ వాడకం తగ్గిందని, 51 శాతం చోట్ల కొన్నేళ్లు తగ్గిందని, 7 శాతం చోట్ల మాత్రమే పెరిగిందని అంకెలిచ్చింది. తర్వాత 2012లో ఐడబ్ల్యూఎంఐ-టాటా కార్యక్రమం పరిశోధకులు మళ్లీ వెళ్లి చూసి, చెప్పుకున్నంత లేదండీ అన్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. పథకం ఉన్నప్పుడు కొలిచారు, అది పోయాక జీతమిచ్చి కొలిపించేవాళ్లు లేరు. పెద్దవాళ్లకి పొలం పని ఉంటుంది, పెళ్లిళ్లుంటాయి, ఎన్నికలుంటాయి.

ఏటా కొత్త బ్యాచీ వచ్చే చోటు ఊళ్లో ఒకటే, బడి. ఏడో తరగతి ఎప్పుడూ ఉంటుంది. కొలతలు అక్కడికి అప్పజెప్పుంటే ఇవాళ్టికి ఇరవై ఏళ్ల లాగు ఉండేది. ప్రాజెక్టు రాసిన పెద్దలు రైతులనీ, ఎకో క్లబ్బు రాసిన పెద్దలు పిల్లలనీ పట్టుకున్నారు. ఇద్దరూ రాత్రి ఒకే ఇంట్లో అన్నం తింటారని ఎవరికీ తట్టినట్టు లేదు.

నీళ్ల గోలే చెప్పాను, అడవి గురించి ఒక్కటైనా చెప్పాలి. 1899లో బ్రిటిష్ మ్యూజియంలో పొకాక్ అనే ఆయన మెరిసే నీలం రంగు పెద్ద సాలీడుకి పేరు పెట్టాడు. దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. అందుకని ప్రపంచమంతా దాన్ని గుత్తి సాలీడంటుంది. తర్వాత వందేళ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో మళ్లీ దొరికింది, గుత్తిలో కాదు, వంద కిలోమీటర్ల అవతల నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. అంటే ఆ మొదటిది కట్టెలతో పాటు గూడ్సు బండెక్కి గుత్తి పోయుంటుంది! పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది, చెట్లు పోతే అదీ పోతుంది. 2008లో తీవ్రంగా అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో చేర్చారు. యూరపు, అమెరికాల్లో దీన్ని గాజు పెట్టెలో పెంచుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. మా గిద్దలూరు కజిన్స్ అయిదుగురిని ఫోను చేసి అడిగాను, ఒక్కడూ దాని పేరు వినలేదు. పెద్దపులి ఫోటో మాత్రం ప్రతి బడి గోడ మీదా ఉంటుంది.

వెలిగొండ సంగతి అడుగుతారేమో. 1996 నాటి శంకుస్థాపన, 2024 మార్చిలో జంట సొరంగాలు పూర్తయ్యాయని ప్రకటన. శ్రీశైలం నీళ్లు నల్లమల కిందుగా వస్తే తాగునీటికి చాలా ఊరట, అందులో అనుమానం లేదు. కృష్ణా నీటిలో బోరు నీటి ఫ్లోరైడు ఉండదు. ఓక్లీ చేసింది కూడా అదే, పైపు మార్చింది. కాకపోతే కొత్త పైపు వచ్చాక పిల్లల పళ్లు మారాయా లేదా అని చూడాలంటే ముందు ఇప్పుడెలా ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. పంటి పింగాణీ తయారయ్యేది మొదటి ఎనిమిదేళ్లలో. ఇప్పుడు మూడో తరగతి చదివే పిల్లాడి నోట్లో గత ఎనిమిదేళ్ల నీటి రికార్డు ఉంటుంది. నీటిలో ఫ్లోరైడు చూడటానికి జిర్కోనియం-అలిజరిన్ ద్రావణం ఉన్న కిట్లు దొరుకుతాయి, నాలుగు చుక్కలు వేస్తే ఎరుపు గులాబీ రంగు ఫ్లోరైడు పెరిగేకొద్దీ పసుపుకి తిరుగుతుంది. పక్కనున్న రంగుల కార్డుతో పోల్చుకోవడమే. ఇంటర్ ల్యాబులో మనం చేసిన టైట్రేషన్ కంటే సులువు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చిన్నాన్న కూతురు, ఎనిమిదో తరగతి, దాని చేత డ్రమ్ము లెక్క చేయించాను. వాళ్ల బోరుకి 92 సెకన్లు పట్టింది. నోటుబుక్కులో కట్టి 25 ఎకరాలని తేల్చి, నాన్నకి చూపించింది. ఆయన ఆ రోజుల్లో నీటి బడికి రెండేళ్లు పోయొచ్చిన మనిషి. కళ్లజోడు పెట్టుకుని అంతా చూసి, "ఏందిమ్మా ఈ లెక్క? మడికి పారిన నీళ్లన్నీ గాల్లోకే పోతాయా? తిరిగి ఇంకేది ఏదీ?" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పొద్దారా, దాన్నీ వేసి చెయ్యమని" అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూచుని ఎంత శాతం వెయ్యాలో వాదించుకుంటుంటే నేను బస్సుకి టైమయ్యిందని లేచాను. వాళ్లు ఎంత దగ్గర తేల్చారో అది ఇంకా ఫోనులో చెప్పలేదు.